పిండిబల్ల మీది గాలి

2023 ఏప్రిల్. మిషిగన్‌లోని నోవై. మా తెలుగు చర్చిలో ఈస్టర్ ఆరాధన అయిన మర్నాడు, మిగిలిన బిర్యానీ వేడి చేసుకుని కూర్చున్నాను. కిటికీ అవతల ఇంకా మంచు పడుతూనే ఉంది. గ్రీకుల ఈస్టర్ ఆ ఏడాది మాకు సరిగ్గా వారం తర్వాత వచ్చింది. ఈ కథంతా ఆ వారంలో జరిగిందే.

నా పని కమర్షియల్ కిచెన్ వెంటిలేషన్. అంటే హోటళ్ళ వంటిళ్ళలో పొగని బయటికి పంపే ఏర్పాట్లు చూడటం. కార్ల కంపెనీలో ఇంజినీరుగా వచ్చి, ఆ ఉద్యోగం పోయాక హోటళ్ళ పైకప్పులు ఎక్కడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కళ్ళకి గంతలు కట్టి నన్ను ఏ కప్పు మీద నిలబెట్టినా, గొట్టంలోంచి వచ్చే వాసనని బట్టి కింద కూరలో ఉప్పు ఎక్కువైందో లేదో చెప్పగలను. మా ఆవిడ సునీత ఇది నమ్మదు. మీరు నమ్మితే చాలు.

ఫోన్ చేసింది నికో. మా ఇంటికి రెండు వీధుల అవతల గ్రీకు హోటల్ అతనిది. అతనూ, భార్యా, ఎనభై ఏళ్ళ తల్లీ ముగ్గురే నడుపుతారు. తల్లిని ఊరంతా యాయా అంటారు. గ్రీకులో నానమ్మ అని అర్థం.

"ప్రసాద్, హాలంతా పొగ! ఫైర్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసింది. గురువారం పదింటికి మళ్ళీ వస్తుందట. అప్పటికి ఫిక్స్ అవ్వకపోతే గ్యాస్ ఆఫ్ చేయిస్తానంది."

"ఆఫ్ చేస్తే?"

"ఆదివారం మా ఈస్టర్ అయ్యా! ఇక్కడి గ్రీకులందరి పండగ వంటా మా పొయ్యి మీదే. పొయ్యి ఆరితే నేను చర్చిలో మొహం ఎలా చూపించను?"

వెళ్ళేసరికి వీధి తలుపు రాలేదు. ఒక కాలు గోడకి తన్నిపెట్టి రెండు చేతులతో లాగితే తెరుచుకుంది. తెరుచుకోగానే నా టోపీ లోపలికి ఎగిరిపోయి ఎవరిదో సూపులో పడింది. సూపు సంగతి నికో ఒప్పుకోడు గానీ, తలుపు సంగతి ఒప్పుకుంటాడు.

ఆ తలుపు చూడగానే నాకు జబ్బు తెలిసిపోయింది. పొయ్యి మీద ఉండే హుడ్, పొగతోపాటు ఇంట్లో గాలిని కూడా బయటికి లాగేస్తుంది. లాగినంత గాలీ కప్పు మీదున్న ఇంకో ఫ్యాను లోపలికి తెచ్చి పొయ్యాలి. దాన్నే మేకప్ ఎయిర్ అంటాం. మొహానికి పూసుకునే మేకప్ కాదు. అది రాకపోతే గది ఊపిరి బిగబట్టినట్టు అవుతుంది. తలుపులు అతుక్కుపోతాయి. పొగ పైకి పోకుండా భోజనాల మీదికి వస్తుంది.

గాలి రావట్లేదని తేలింది. ఎక్కడ ఆగింది అన్నదే ప్రశ్న. వంటింట్లో గాలి దిగే చోట సీలింగ్‌కి చిల్లుల రేకు మూత ఒకటి ఉంటుంది. సరిగ్గా దాని కిందే యాయా పిండిబల్ల. ఆవిడ ఆ బల్ల మీద ఫీలో పొరలు సాగదీస్తుంది. పూతరేకుల్లా పల్చటి మైదా పొరలు. అవతల పెట్టిన పేపరు చదువుకోవచ్చు.

నేను మూత వైపు వేలు చూపించి అడిగాను. "యాయా, ఇది ఎవరైనా క్లోజ్ చేశారా? మీరేమైనా చేశారా?"

ఆవిడ పిండి మీంచి తల ఎత్తకుండా, "నే, నే" అంది.

నేను చదివింది హైదరాబాద్‌లో. అక్కడ నై అంటే లేదు. ఇక్కడ నో అంటే లేదు. నే కూడా వాటి చుట్టమే అనుకున్నాను. ఎవరూ ముట్టుకోలేదన్న మూతని విప్పడం దేనికని, నిచ్చెన తీసుకుని కప్పు ఎక్కాను. మంగళవారమంతా మంచులో ఫ్యాను మోటారు విప్పాను, బెల్టు మార్చాను. బుధవారం పొద్దున్న గొట్టం ఎక్కడైనా చిరిగిందేమోనని సీలింగ్ మీద పాకాను. ఒక ఎలుకతో నాకు అక్కడ ముఖపరిచయం కూడా అయింది. గొట్టం మాత్రం నిక్షేపంలా ఉంది.

బుధవారం మధ్యాహ్నం నికో నాకు చిక్కుళ్ళ సూపు తెచ్చి పెట్టాడు. పక్కనే తల్లికీ ఒక గిన్నె పెట్టి, నిమ్మకాయ చూపించి గ్రీకులో ఏదో అడిగాడు. ఆవిడ "నే" అంది. అతను నిమ్మకాయ పిండాడు.

"ఏమయ్యా, ఆవిడ వద్దంటుంటే పిండుతున్నావేంటి?" అన్నాను.

"వద్దని ఎక్కడంది? నే అంది కదా. నే అంటే గ్రీకులో యెస్."

నా చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. లేచి నిచ్చెన వేసి, ఆ చిల్లుల మూత కొక్కెం తీశాను. నీలం గళ్ళ టేబుల్ క్లాత్‌లు ఒకదాని వెనక ఒకటి నా నెత్తిన పడ్డాయి. పదిహేను ఉంటాయి. సునీత ఎనిమిది అంటుంది, కానీ పడింది ఆవిడ నెత్తిన కాదు.

నికో మొహం ఎర్రబడింది. "మామా! నువ్వా?" అన్నాడు. గ్రీకులో మామా అంటే అమ్మే.

"నే," అంది యాయా, ఏమాత్రం జంకు లేకుండా. ఆపైన గ్రీకులో గడగడా చెప్పింది. నికో వినీ వినీ నా వైపు తిరిగాడు.

"ఆ గాలి తగిలి పొరలు ఎండి విరిగిపోతున్నాయట. బల్ల మీద కుర్చీ వేసుకుని ఎక్కి, చలికాలమంతా ఒక్కో గుడ్డా కుక్కుతూ వచ్చిందట. ప్రసాద్, ఇంకోటి కూడా అంటోంది. నిన్ను అడిగే మూసిందట."

"నన్నా?"

యాయా నా ముందుకొచ్చి, పైకి వేలు చూపించి, తనకొచ్చిన ఇంగ్లీషులో "దిస్, క్లోజ్, ఓకే?" అంది. వెంటనే తనే నేనై, చెవికి ఫోను పెట్టుకున్నట్టు చెయ్యి పెట్టి, తలని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి రెండుసార్లు ఊపింది. అచ్చం నేనే. మా అమ్మ కూడా అంత బాగా నన్ను అనుకరించలేదు.

నాకు గుర్తొచ్చింది. నవంబరులో సర్వీసుకి వచ్చినప్పుడు ఫోన్‌లో మాట్లాడుతూ ఉంటే ఆవిడ ఏదో అడిగింది. నేను మనవాళ్ళ తీరున తల ఊపాను. మన దగ్గర దాని అర్థం విన్నానులెండి, కానివ్వండి అని. గ్రీకుల దగ్గర తల పక్కకి వాల్చితే అక్షరాలా ఔను. ఆవిడ ఔనంటే నేను కాదనుకున్నాను. నేను ఏమీ అనకపోతే ఆవిడ ఔననుకుంది.

నికో అప్పటికే ఆ బల్ల అంచు పట్టుకున్నాడు. "చాలు. ఇది తీసేస్తున్నా. రేపట్నుంచి ఫ్రోజెన్ ఫీలో కొంటాం. నువ్వు ఇంట్లో కూర్చో మామా."

యాయా గడ్డం పైకెత్తి, ప్చ్ అని నాలిక చప్పరించింది. అది కాదు అనడం. ఆ ఒక్కటీ రెండు దేశాల్లోనూ ఒకటే. ఆవిడ చేతులు బల్లని వదల్లేదు.

"నికో, బల్ల వదులు," అన్నాను. "ఆవిడ పర్మిషన్ అడిగింది. ఇచ్చింది నేను. తప్పు నాది."

"తప్పు ఎవరిదైతే ఏం? ఆ గాలి తెరిస్తే ఈవిడ పిండి ఎండుతుంది. మూస్తే నా పొయ్యి ఆరుతుంది. రెండూ ఎలా కుదురుతాయి?"

"సాయంత్రం దాకా టైమివ్వు."

నా వ్యాన్‌లో ఉన్న రేకు కత్తిరించి, వంచి, మూత కింద ఒక వాలు పలక బిగించాను. గాలి బల్ల మీద పడకుండా గోడ వెంబడి దిగి పొయ్యి వైపు పోయేలా. ఆ గాలిని వెచ్చబరిచే హీటర్ కప్పు మీద ఉంటుంది, దాన్నీ కాస్త పెంచాను. ఎక్కువ వంచితే హుడ్‌కి గాలి తగ్గుతుంది, తక్కువ వంచితే పిండికి తగులుతుంది. నాలుగుసార్లు విప్పి బిగించాను. ప్రతిసారీ యాయా చిటికెడు మైదా గాల్లోకి వదిలి, అది పక్కకి ఎగిరితే ప్చ్ అనేది. నా గాలి మీటరు కన్నా ఆవిడ చిటికె నయం. ఐదోసారి పిండి నిటారుగా బల్ల మీద రాలింది.

"నే?" అన్నాను తల కదపకుండా.

"నే," అంది యాయా.

గురువారం పదింటికి ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. నవ్వు ఇంట్లో పెట్టి వచ్చే మనిషి. వీధి తలుపు ఒక వేలితో తెరుచుకుంటే ఆ వేలిని ఓసారి చూసుకున్నారు. పొయ్యి దగ్గర పొగబత్తీ వెలిగిస్తే, పొగ బుద్ధిగా హుడ్‌లోకి వెళ్ళిపోయింది. పక్కనే యాయా ఒక పొరని బల్లంతా పరిచింది. అది కదల్లేదు.

"పాస్," అన్నారు ఇన్‌స్పెక్టర్. "రిపోర్ట్‌లో కారణం రాయాలి. గాలి ఎవరు మూశారు?"

నికో తల్లి వైపు చూశాడు. యాయా నోరు తెరవబోతే నేను ముందుకొచ్చాను.

"టెక్నీషియన్ చెప్పినందుకు మూశారు మేడమ్. ఆ టెక్నీషియన్ నేనే."

"ఏమని చెప్పారు?"

"ఏమీ చెప్పలేదండీ. తల ఊపాను."

ఆవిడ కలం ఆపి నన్ను చూశారు. "ఇది నేనెలా రాయాలి?"

"ఉన్నదున్నట్టు రాయండి."

రాశారు. గ్యాస్ ఆగలేదు. ఆదివారం నికో చర్చికి అందరికంటే ముందు వెళ్ళాడట.

అప్పట్నుంచి నేను ఏ వంటింట్లోనూ ఔనా కాదా అని తేలే ప్రశ్న అడగను. చేసింది చూపించండి అంటాను. చేతులు చూపిస్తాయి, ఏ భాషవాళ్ళైనా సరే. నేను చెప్పాల్సింది కూడా మెడతో కాకుండా నోటితో చెబుతాను. ఇరవై ఏళ్ళలో నా పనితనాన్ని మెచ్చుకున్న కాగితాలు బోలెడు వచ్చాయి, ఎక్కడున్నాయో కూడా తెలీదు. "కారణం: టెక్నీషియన్ తల ఊపడం" అని రాసి, కింద నాతో సంతకం పెట్టించుకున్న ఆ రిపోర్టు కాపీని మాత్రం మా హాల్లో ఫ్రేము కట్టించి పెట్టాను. వచ్చినవాళ్ళకి ఈ కథ చెబుతాను. టేబుల్ క్లాత్‌ల లెక్క ఏటా కాస్త పెరుగుతుందేమో గానీ, ఆ సంతకం నాదే.