ఈనస్ క్రాబ్‌ట్రీ చేతివిసురు

ఒహాయోలోని మా పల్లెలో పీపాలు చేసే ఈనస్ క్రాబ్‌ట్రీ మాటలో ఎంత నెమ్మదో, చేతిలో అంత దూకుడు. పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది వేసవిలో అతడు బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌గా నిలబడితే, ఎదుట బ్యాట్ పట్టినవాడు బంతిని చూసేవాడు కాదు, వినేవాడు.

అంతకన్నా పెద్ద చిక్కు దాన్ని పట్టడం. బ్యాటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్లు ముగ్గురు వేళ్లు వాచి తప్పుకున్నారు. చివరికి మాంసం కొట్టు గాట్‌లీబ్ రాంక్ ముందుకొచ్చాడు. పలచటి తోలు తొడుగులో అరచేతి మందాన గొడ్డుమాంసం ముక్క దూర్చుకుని, ఆటంతా నిలబడి పట్టాడు.

మర్నాడు ఆ ముక్కనే పూటకూళ్ల ఇల్లు నడిపే హెప్సిబా కొనుక్కుపోయింది.

"ఇంత మెత్తటి మాంసం ఎక్కడిదండీ?"

"ఈనస్ కొట్టిందమ్మా."

"అయితే వారానికి రెండు ఆటలు ఆడించండి!"

ఈనస్ పేరు పట్నం దాకా పాకింది. అక్కడి జట్టు మేనేజర్ బీల్ వచ్చి ఈనస్‌ను తీసుకుపోయాడు. గాట్‌లీబ్‌ను వద్దన్నాడు. "మా క్యాచర్‌వి ఇనుప చేతులయ్యా" అన్నాడు.

ఆ ఇనుప చేతులవాడు మూడో ఇన్నింగ్స్‌లోనే వేళ్లు నోట్లో పెట్టుకుని కూలబడ్డాడు. "వీడు బంతి వేస్తున్నాడా, పగ తీర్చుకుంటున్నాడా?"

బీల్ తంతి కొట్టాడు. గాట్‌లీబ్ జవాబిచ్చాడు: "శనివారం కొట్టు. ఆదివారం చర్చి. సోమవారం వస్తాను."

గుర్రాలకు నాడాలు కొట్టే నేనూ వెంట వెళ్లాను. మాంసం ఉన్న మంచుపెట్టె మోసింది నేనే.

ఆ రోజు ఎండ మాడ్చేసింది. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కల్లా మాంసం వాసనకు వీధికుక్కలు చేరాయి. ఇంకొక్కడు ఔటైతే గెలుపు మాదే. బ్యాట్ పట్టినవాడికి అప్పటికే రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే ఔటే. గాట్‌లీబ్ తొడుగు తీసి గడ్డిమీద పెట్టి మొహం తుడుచుకున్నాడు. ఓ కుక్క దాన్ని కరుచుకుని పరుగు లంకించుకుంది. ఈనస్ అది చూడలేదు. చెయ్యి తిప్పి వదిలేశాడు.

గాట్‌లీబ్ బంతిని ఉత్త చేత్తో పట్టాడు. అంపైర్ "ఔట్!" అన్నది అతడి కేకలో ఎవరికీ వినపడలేదు.

ఈనస్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, చెయ్యి ఉందా?"

"చెయ్యి సంగతి తర్వాత! ముందు కుక్కని పట్టరా, మంచి నడుముముక్క అది!"

ఆ తర్వాత ఏడేళ్లు ఈనస్‌దే రాజ్యం. రెండొందల పైచిలుకు ఆటలు గెలిచాడు. ఒక వసంతంలో తల దువ్వుకోబోతే చెయ్యి లేవలేదు. బాధపడ్డాడు గాని ఎవరినీ విసిగించలేదు. ఊరికి తిరిగొచ్చి హెప్సిబాను పెళ్లాడాడు. మేమంతా కలిసి అతణ్ణి అంపైర్‌ను చేశాం.

అదే మా పొరపాటు. మొదటి ఆటలోనే బామ్మర్దిని ఔటన్నాడు. జనంలోంచి హెప్సిబా లేచింది.

"కళ్లు కనిపిస్తున్నాయా నీకు? ఇంటికి రా, చెప్తా నీ పని!"

ఈనస్ టోపీ తీసి వంగాడు. "ఆట కాగానే వస్తానమ్మా. అప్పటిదాకా వాడు ఔటే."

ఆ పూట అతడికి చల్లారిన బంగాళాదుంపలే దక్కాయి. అయినా తర్వాతి శనివారం మళ్లీ అంపైర్ కోటు తొడుక్కుని మైదానానికి బయల్దేరాడు.