జేబులో కొబ్బరినూనె

పెళ్లయిన కొత్తలో జరిగింది ఇది. మాది కృష్ణగిరిలో బట్టలంగడి పెట్టుకున్న కుటుంబం. ఆకుకూరంటే బజారులో కట్టలు కట్టి అమ్మేదే నాకు తెలుసు. అత్తవారిది జవళగిరి. వానలు పడగానే అక్కడి ఆడవాళ్లు చేలగట్ల మీద మొలిచిన రకరకాల ఆకులు కోసి, అన్నీ కలిపి బెరకాకు పులుసు చేస్తారు.

ఆ రోజు మా ఆయన, ఆయన అక్క, నేను ఆకు కోయడానికి వెళ్లాం. ఏది తినే ఆకో వదినే చూపిస్తూ వచ్చింది. కంచె మీద పాకిన ఒక తీగ దగ్గర ఆగి, "ఇది శానా రుచమ్మా, పిడికిట పట్టి దుయ్యి" అంది. నమ్మి, రెండు చేతులతో దూశాను.

నిప్పుల్లో చేతులు పెట్టినట్టయింది. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. నేను గెంతుతూ ఏడుస్తుంటే వదిన పొట్ట పట్టుకుని నవ్వింది.

"దురదగొండమ్మా అది! మా ఇంటికొచ్చిన కోడలికి ఒకతూరి ఇది తప్పదు. మాయమ్మ గూడా దూసినాది."

మా ఆయన పరుగున వచ్చి, "ఈడ చూపించు" అంటూ జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీశారు. ఎంత మెత్తగా రాశారో! మంట కాస్త చల్లారాక తట్టింది. ఆకు కోయడానికొచ్చిన మనిషి జేబులో నూనె ఎందుకుంటుంది?

"మీకు ముందే తెలుసు గదా?" అన్నాను.

ఆయన సీసాకు మూత పెట్టుకున్నారు.

దద్దుర్లు సాయంత్రానికే పోయాయి. వదిన మీద కోపమూ పోయింది. కానీ ఇప్పటికీ మా ఆయన తలనొప్పి మాత్ర తెచ్చిచ్చినా సరే, మింగేముందు ఒకసారి ఆయన ముఖం చూస్తాను.