నకలు వెనకబడిన ఆదివారం

మొన్న శనివారం మా బ్యాంకు నుంచి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం కొన్ని గంటలపాటు వాళ్ల సేవలు ఉండవట, వ్యవస్థను మెరుగుపరుస్తున్నారట, కలిగే ఇబ్బందికి చింతిస్తున్నారట. మా ఆయన అది చదివి, వీళ్లకి ఆదివారమే దొరికిందా అని విసుక్కుని ఫోను పక్కన పెట్టేశారు. నాకు మాత్రం ఆ గంటల్లో ఎక్కడో ఒక చల్లటి గదిలో, తెచ్చుకున్న కారేజీ విప్పకుండా తెరకేసి చూస్తూ కూర్చునే ఇద్దరు ముగ్గురు మనుషులు కళ్లకు కట్టారు. అలా కూర్చున్నదాన్నే నేనూ, ఒక ఏడాది కాదు రెండేళ్లు కాదు.

సికింద్రాబాదులో ఏ గోడ చూసినా కంప్యూటరు కోర్సుల ప్రకటనలే కనిపించే రోజులవి. విజయనగరం వైపు నుంచి పెళ్లయి నేరేడ్‌మెట్‌కు వచ్చిన నేను అలాంటి కోర్సే ఒకటి చదివి, కార్ఖానా ప్రాంతంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. మాకు దగ్గరలోనే ఉన్న ఒక ఆసుపత్రి రికార్డులన్నీ మా కంపెనీ చూసేది. రోగి పేరు, రక్తం గ్రూపు, పడని మందులు, ఏ పూట ఏ సూది వేశారు, అన్నీ ఒక డేటాబేసులో ఉండేవి. అసలుది ఆసుపత్రి కింది అంతస్తులో ఉండేది. దాని నకలు విశాఖపట్నంలో ఉండేది. ఇక్కడ ఏ నిప్పో నీళ్లో వచ్చిపడితే అక్కడిది పని అందుకోవాలని ఆ ఏర్పాటు. ఇక్కడ రాసిన ప్రతి అక్షరం క్షణాల్లో అక్కడా పడేది. మా వైపు ఊరు కదా అని ఆ నకలంటే నాకు కాస్త అభిమానం కూడాను.

మా పై అధికారి అల్వాల్ మనిషి, తాతల నాటి నుంచి అక్కడివారే. నేను అన్నగారూ అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అని పిలిచేవారు. డేటాబేసు సాఫ్టువేరుకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఆయన మాకు ఒకే వరస చెప్పేవారు. ముందు నకలును ఆపి దాన్ని మార్చాలి, మళ్లీ అసలుదానితో కలిపి, ఆగి ఉన్నంతసేపట్లో వచ్చినవన్నీ అందుకోనివ్వాలి. రెండూ సమానమయ్యాయని కళ్లారా చూశాక ఆసుపత్రి పనిని నకలు మీదికి మళ్లించి, అప్పుడు అసలుదాన్ని ముట్టుకోవాలి. ఒకసారి మళ్లించాక వెనక్కి రావడం కుదరదు. కొత్తది పాతదాని నుంచి తీసుకోగలదు గానీ పాతది కొత్తదాని మాట అర్థం చేసుకోలేదు. అందుకే సమానమైందని చెప్పే ఆ ఒక్క మాట మీదే అంతా నిలబడి ఉండేది. ఆ మాట చెప్పే పని నాది.

ఆ ఏడు వేసవిలో వరసగా నాలుగో ఆదివారం అది. అంతకుముందు మూడు వారాలూ ఇలాంటివే ఇంకో మూడు చోట్ల చేశాం. ఇంట్లో పాపకు తట్టు. మా అత్తగారు వేపాకు పరిచి పక్కన పడుకోబెట్టుకుని, నువ్వెళ్లు, నేనున్నాను కదా అన్నారు గానీ, ఆ అనడంలో కోపం లేకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది. అలిసిపోయాను అని ఎవరితోనైనా చెప్పుకోవడానికి కూడా ఓపిక లేని అలసట అది.

ఆసుపత్రి కింది అంతస్తు గదిలోనే కూర్చుని, పది గంటలకు విశాఖ నకలును ఆపాం, మార్చాం, మళ్లీ కలిపాం. ఒంటిగంటకు అన్నగారు అటువైపు కుర్చీలోంచి సమానమైందా అని అడిగారు. నా ముందు తెర మీద రెండు కిటికీలు తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో తేడా సున్నా అని కనిపించింది, అయిందండీ అన్నాను. ఆ సున్నా, పొద్దున్న నకలును ఆపకముందు నేనే తెరిచి మూయడం మరిచిన కిటికీలోది. నిజంగా చూడవలసిన రెండోదాంట్లో, మళ్లీ కలిపాక మొదటి నాలుగైదు నమోదుల దగ్గరే నకలు ఏదో తప్పు ఎదురై ఆగిపోయి ఉంది. అన్నగారు నా మాట మీద పని మళ్లించారు, అసలుదాన్ని మార్చడం మొదలుపెట్టారు.

ముప్పావుగంట తిరక్కుండానే పెద్ద సిస్టరు మెట్లు దిగి మా గదికే వచ్చారు. ఏదున్నా ఫోను చేసే మనిషి ఆవిడ. పదకొండు గంటలకు ఒక పెద్దావిడ చేరిందట, ఆవిడకు ఫలానా సూదిమందు పడదని సిస్టరే నమోదు చేశారట. ఇప్పుడు డాక్టరుగారు తెర చూస్తే ఆ మాటే లేదు, అదే మందు రాశారు. సూది నింపాక సిస్టరుకు జ్ఞాపకం వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"పొద్దుగాల నా చేతులతోని ఎక్కించిన, ఇప్పుడు లేదు," అన్నారావిడ, గొంతు పెంచకుండానే. "నాకు యాదికొచ్చింది కాబట్టి సరిపోయింది. నా డ్యూటీ అయిపోయినంక వచ్చేటామెకు ఎట్ల తెలుస్తది?"

నేను రెండో కిటికీ చూశాను. చూసిన మరుక్షణమే సంగతి తెలిసిపోయింది. మూడు గంటల నమోదులు అసలుదాంట్లో ఉన్నాయి, అది సగం మారిన స్థితిలో ఉంది. ముట్టుకుంటే ఆ సగమూ చెడుతుంది. ఇటు విశాఖలో కొత్తవి పడిపోతున్నాయి. లేచి అన్నగారి దగ్గరకు వెళ్లి, "పాత కిటికీ చూసి చెప్పేసేనండి," అన్నాను.

ఆయన వచ్చి వంగి రెండో కిటికీ చూశారు. ముఖంలో రంగు మారింది గానీ నా వైపు తిరిగేసరికి మామూలుగానే ఉన్నారు. "జెర కూసో చెల్లె, నీళ్లు తాగు. దాన్ని నడువనీ, నడుమ ఆపితే ఉన్నది సుత పోతది. అప్పటిదాంక మనం పైకి పోదాం."

పైకి వెళ్లి ఆయనే ప్రతి వార్డులోనూ నిలబడి, పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా రాసినవేవీ తెర మీద కనపడవు, కాగితాలు చూడందే ఏ మందూ ఇవ్వొద్దు అని చెప్పారు. ఎందుకిలా అయిందని అడిగిన డాక్టర్లందరికీ మా పొరపాటు అనే చెప్పారు. నాలుగు దాటాక అసలుది మారడం పూర్తయింది. ఆ మూడు గంటల నమోదులు అచ్చు తీసి, సిస్టర్ల పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి, కొత్తదాంట్లో చేత్తో ఎక్కించాం. పెద్దావిడ పేరు దగ్గర ఆ మందు సంగతి నేనే టైపు కొట్టాను. కొట్టి, చూసి, మళ్లీ చూశాను. ఆవిడ మంచం మీద కూర్చుని బత్తాయి తొనలు తింటోంది. ఆవిడకేమీ తెలియదు.

ఇంటికెళ్లేసరికి పాపకు జ్వరం తగ్గింది. ఆ రోజు నేను దేనికీ సంతోషించే స్థితిలో లేను.

మర్నాడు అన్నగారు రాసిన నివేదిక నాకు చూపించారు. మళ్లించే ముందు మేము సరిచూసుకోలేదు, ఇకపై ఇద్దరు విడివిడిగా చూడనిదే మళ్లించం అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. పెట్టండి, నేనే కదా అన్నాను. "అడిగింది నేను, మళ్లించింది నేను, లేచి వచ్చి చూడంది సుత నేనే," అని సంతకం పెట్టేశారు. మాదాపూర్‌లో తెరవబోయే మా కొత్త ఆఫీసుకు ఆయనే పెద్ద అవుతారని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. రెండు నెలల తర్వాత ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. ఎందుకని ఆయన నాతో ఎన్నడూ అనలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

కిందటేడు అల్వాల్‌లో ఒక పెళ్లిలో ఆయన కనిపించారు. జుట్టంతా తెల్లబడింది, కర్ర చేతికొచ్చింది. ఇన్నేళ్లూ మోసిన మాట చెప్పేద్దామని పక్కన కూర్చుని ఆ ఆదివారం గురించి ఎత్తాను. ఆయన శ్రద్ధగా విన్నారు, నొసలు ముడేసి ఆలోచించారు. "అట్లాంటి ఐతారాలు ఎన్ని గడిచినయో చెల్లె, ఏదని యాదుంటది," అన్నారు నవ్వుతూ. నా మనసు తేలిక పరచడానికన్నారో, నిజంగానే మరిచిపోయారో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఈ పనులు చాలావరకు వాటంతటవే జరుగుతాయట, సమానం కానిదే మళ్లించడానికి యంత్రమే ఒప్పుకోదట. మంచిదే. ఎవరు ఏ క్షణాన ఏ మీట నొక్కారో, ఎవరు ఏమని చెప్పారో కూడా అదే రాసి పెట్టుకుంటుందట. అదీ మంచిదే కావచ్చు. కాకపోతే, నా పేరు ఉండవలసిన చోట ఒక మనిషి మేము అని రాసి సంతకం పెట్టగలిగిన కాగితం ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు.