సంజీవి అంబాసిడర్‌కు కొత్త ఆల్టర్నేటర్

పోయిన వారం బోడినాయకనూరు ఘాటు రోడ్డు దిగి వస్తుంటే అంబాసిడర్‌లో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ కాలిపోయింది. ఆ కారుకు యజమానీ, డ్రైవరూ, మెకానిక్కూ అన్నీ తానే అయిన సంజీవికి అప్పుడు ఏడుపు రావాలి. రాలేదు సరికదా, హమ్మయ్య అనిపించింది.

ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మదురై అంచున, తేని రోడ్డు పక్కనున్న ఆ తెలుగు వీధిలో సంజీవి అంటే కారు, కారంటే సంజీవి. మీసాలు రాకముందే స్టీరింగు పట్టాడు. ఏలకుల వ్యాపారులను బోడినాయకనూరు వేలంపాటకూ, అక్కణ్ణుంచి కొండ మీది తోటలకూ తిప్పుతూనే ఉన్నాడు. వాళ్ళు వెనక సీట్లో గురకలు పెట్టి నిద్రపోతారు. ఈయన నిద్ర ఎవరికి పట్టింది? ఇప్పుడు అరవై దాటాయి. కూర్చుంటే నడుం పట్టేస్తుంది, లేస్తే మోకాళ్ళు మొరాయిస్తాయి. కిందటి నెల ఘాటు దిగేటప్పుడు ఒక వంపులో బ్రేకు మీద పెట్టిన కాలు గజగజ వణికింది. వెనకున్న వ్యాపారి నవనీతకృష్ణన్ నిద్రలో ఉండి చూడలేదు. ఆ వంపు మాత్రం సంజీవి కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

ఇక నావల్ల కాదని చెప్పేస్తే పోలేదా అంటారు. ఎవరైనా చెప్పగలరు గానీ సంజీవి చెప్పలేడు. ‘బండి నడిచినంత కాలం నేనుంటాను’ అని నవనీతకృష్ణన్ తండ్రికి మాటిచ్చాడు. ముసలాయన పోయాడు, మాట మిగిలింది. కారే మూలపడితే మాట తప్పినట్టు కాదు కదా అని లోలోపల సర్దిచెప్పుకున్నాడు. ఇంత పాత కారుకి సామాను ఎక్కడ దొరుకుతుందిలే అని ధైర్యం.

దొరికింది. నవనీతకృష్ణన్ మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. ఊరంతా గాలించి కొత్త ఆల్టర్నేటర్ సంపాదించి నిన్న ఇంటికే పంపించాడు. వేలంపాట ఎల్లుండేనని, ఆ పొద్దున్నే బయల్దేరాలని కబురు కూడా.

ఇంట్లోకి ఇనుప ముక్క వచ్చినా సంజీవి భార్య అంజలమ్మ బొట్టు పెట్టనిదే వాడనివ్వదు. లోకానికి ఆయుధపూజ ఏడాదికోసారి, ఆవిడకు ఏ రోజైనా ఒకటే. నిన్న సాయంత్రం ఆల్టర్నేటర్‌ను పళ్ళెంలో పెట్టి, గంధం అరగదీసి, అటూ ఇటూ తిప్పి తిప్పి బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి దేవుడి పటాల ముందు ఉంచింది.

ఇవాళ పొద్దున సంజీవి బ్యాటరీ వైరు విప్పి, పాతది దించి, కొత్తది ఎక్కించాడు. బెల్టు లాగి బిగించాడు. బ్యాటరీకి పోయే లావు వైరు రింగును ఆల్టర్నేటర్ వెనక బోల్టుకు తొడిగి నట్టు వేశాడు. కళ్ళజోడు పెట్టుకోలేదు. ఇన్నేళ్ళూ చేతులే కళ్ళు. బ్యాటరీ కలిపి ఇంజను స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు మీది ఎర్రదీపం ఆరిపోవాలి. ఆరలేదు. సన్నగా, కునికిపాట్లు పడుతున్నట్టు వెలుగుతూనే ఉంది. వోల్టుమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ చార్జి కావడం లేదు.

అంజలమ్మ గడపలోకి వచ్చింది. “ఏం మామా, ఎర్రలైటు ఇంగా ఎలుగుతానే ఉండాదే?”

“నేనేం జేసేది? కొత్తదే సరిలేదేమో” అన్నాడు. గొంతులో సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని మొహం బానెట్ కిందికి దూర్చాడు.

అక్కడితో ఆపేయొచ్చు. చెయ్యి ఊరుకుంటేగా! బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. ఫ్యూజు బాగుంది. ఈసారి మీటరు కొసను తిన్నగా ఆల్టర్నేటర్ వెనక బోల్టు మీదే ఆనించాడు. పద్నాలుగున్నర వోల్టులు. పాపం, దాని పని అది చేస్తూనే ఉంది. ఆ పక్కనే వైరు రింగు మీద ఆనిస్తే పన్నెండు. ఆ కాస్త సందులోనే కరెంటు ఆగిపోతోంది.

ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసి, కళ్ళజోడు తెచ్చుకుని నట్టు విప్పాడు. బోల్టు మరచుట్ల మీదా మొదట్లోనూ గంధం ఎండి గట్టిపడి ఉంది. మధ్యలో కుంకుమ. ఆవిడకు అదే నుదురులా కనిపించినట్టుంది.

సంజీవి మడ్‌గార్డుకు ఆనుకుని నేల మీదే చతికిలపడ్డాడు. గుడ్డపీలికతో గట్టిగా తుడిస్తే అయిపోతుంది. తుడవకుండా నట్టు బిగించేస్తే? ఈ బండి ఇక పనికిరాదంటే నవనీతకృష్ణన్ నమ్ముతాడు. ఒక్క అబద్ధం ఆడితే బతికినన్నాళ్ళూ కంటినిండా నిద్ర. ఇంత సుఖాన్ని తెలియకుండానే అరచేతిలో పెట్టింది కట్టుకున్న భార్యే.

కాఫీ తెచ్చిన అంజలమ్మ వంగి చూసింది. “ఇదేంది, నేను పెట్టిన బొట్టు గదా?”

“అదే. పొర మాదిరి అడ్డం పడింది. కరెంటు దాటలే.”

ఆమె మొహం చిన్నబోయింది. “అయ్యో సామీ, నా చేత్తోనే జేస్తినా!” గ్లాసు కింద పెట్టింది. “పోయిన నెల కొండ దిగొచ్చినాక కాలు పట్టుకొని కూసుంటివి. ఏమయిందంటే చెప్పకపోతివి. దాంతోనే నాకు భయం పట్టింది. నువ్వు బద్రంగా ఇల్లు జేరాలని ఒక మూలా ఇడవకుండా పెట్టినా.”

ఎవరూ చూడలేదనుకున్నాడు ఇన్నాళ్ళూ.

“కాలు వణికిందే” అన్నాడు చివరికి. “వంపులో. ఇంగ నాతో కాదు అంజలా.”

“ఆ మాట చెప్పేదానికి బండి చెడిపోవాలా మామా?”

సంజీవి లేచి, గంధం గీకి, గరుకు కాగితంతో బోల్టు మెరిసేదాకా రుద్ది వైరు బిగించాడు. స్టార్ట్ చేయగానే ఎర్రదీపం టక్కున ఆరిపోయింది. బ్యాటరీ మీద మీటరు పద్నాలుగు దాటింది. ఇంజను ఆపకుండానే జేబులోంచి ఫోను తీసి, తను ముదలాళీ అని పిలిచే షావుకారు నవనీతకృష్ణన్‌కు కలిపాడు.

“ముదలాళీ, బండి బాగయింది. రేపు దీన్నే తీసుకొని పోండి. డ్రైవర్ని మాత్రం వేరే చూసుకోండి. మీ నాయనకిచ్చిన మాట తప్పినా.”

“ఏమయిందన్నా? ఒంట్లో బాగలేదా?” అని నవనీతకృష్ణన్ కంగారుగా అడిగాడు.

“అలిసిపోయినా ముదలాళీ” అన్నాడు సంజీవి. పెళ్ళాంతో తప్ప ఇంకో మనిషితో ఆ మాట అనడం ఆయన జన్మలో అదే మొదలు.