నాలుగు వందల పన్నెండో చీటీ

వ్రజ్‌లాల్ మెహతాజీ అంటే జామ్‌నగర్ ఇత్తడి పనివాళ్ళలో ఒక హడల్. మెహతాజీ అంటే గుమాస్తాయే అనుకోండి, కానీ మా శంకర్ టేక్రీ పేటలో ఆయన్ను గుమాస్తా అని ఎవరైనా పిలిచి బతికి బట్టకట్టారా? నలభై ఒక్క ఏళ్ళు ఒకే కొట్లో, ఒకే పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ఎర్ర గుడ్డ అట్టల పుస్తకాల్లో పద్దులు రాశాడు. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. ఆ గర్వం మనిషికి నిలువెల్లా ఉండేది, దాచడమెందుకు? తూకం దగ్గర ఎవరైనా పేచీ పెడితే "పుస్తకంలో ఉంది" అనేవాడు. అంతటితో పేచీ ముగిసిపోయేది.

కొట్టు యజమాని నథాలాల్ సేఠ్ పోయాక అది ఆయన కోడలు కృపాలీ చేతికొచ్చింది. లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించకపోతే ఇక తనవల్ల కాదని ఆడిటరు చేతులెత్తేశాడు. ఒక ఉదయం ఆ అమ్మాయి మెహతాజీ ముందు టీ సాసరు పెట్టి కూర్చుంది.

"కాకా, రెండు రకాల సాఫ్ట్‌వేర్లు తెప్పించాను. పదిహేను రోజులు ఊరికే వాడి చూడొచ్చట. మీరు ఏది బాగుందంటే అదే కొంటాను."

"నా ఉరితాడు నన్నే ఎంచుకోమంటావా తల్లీ?"

"భలేవారే. మీరు లేకపోతే దానికి మన పద్ధతులు నేర్పేదెవరు?"

ఆ మాటతో ముసలాయన కరిగిపోయాడు. వారం తిరక్కుండానే ఒక్కో వేలితో అక్షరాలు నొక్కడం పట్టుబడింది. ఇక ఆ రెండింటికీ పరీక్ష పెట్టాలి. మామూలు ఏడాది లెక్కలిస్తే ఏం తెలుస్తుంది? దొంగతనం జరిగిన ఏడాది ఇవ్వాలనుకున్నాడు. అటక మీంచి ఇరవై ఆరేళ్ళ కిందటి పుస్తకాలు రెండు, దీపావళితో ముగిసినదీ దీపావళితో మొదలైనదీ, దింపించాడు.

దొంగ పేరు జూసబ్. ఇత్తడి కడ్డీలు తూకం వేసి పనివాళ్ళకిస్తే, వాళ్ళు ఇంటిదగ్గర ఆకురాయి పట్టి సామాను చేసి, రాలిన పొడితో సహా తెచ్చి మళ్ళీ తూకం వేయించాలి. కడ్డీలు ఇచ్చిన ప్రతిసారీ ఒక నంబరు చీటీ, దాని మీద తీసుకున్నవాడి వేలిముద్ర. జూసబ్ చేతిపని అంత నున్నగా ఊళ్ళో ఎవరికీ రాదు. అలాంటివాడి లెక్కలో ఆ ఏడాది హోలీకి సరుకు సరిచూస్తే ముప్పై ఎనిమిది కిలోలు తగ్గింది. "నేను తియ్యలేదు మెహతాజీ, అల్లా మీద ఒట్టు," అన్నాడు. మెహతాజీ పుస్తకం చదివి వినిపించాడు. మర్నాటి నుంచి ఊళ్ళో ఏ కొట్టూ జూసబ్‌కి పని ఇవ్వలేదు. చివరికి తోపుడుబండి మీద వేరుశనక్కాయలు అమ్ముకుని బతికి, నాలుగేళ్ళ కిందట పోయాడు.

మొదటి సాఫ్ట్‌వేరు రెండు పుస్తకాల లెక్కా మారుమాట లేకుండా మింగి, జూసబ్ పేరు పక్కన ముప్పై ఎనిమిది కిలోల తరుగు చూపించింది. "బుద్ధిమంతురాలు," అనుకున్నాడు మెహతాజీ.

రెండోది కొత్త పుస్తకంలోని మొట్టమొదటి పద్దు దగ్గరే మొండికేసింది. నాలుగు వందల పన్నెండో నంబరు చీటీ ఇదివరకే ఎక్కింది, మళ్ళీ ఎక్కించడం కుదరదు అంది. మూడుసార్లు కొట్టాడు. మూడుసార్లూ అదే మాట.

"నీ మొహం, నాకు చెప్పొచ్చావా," అని దాన్ని తిట్టి, పాత పుస్తకం చివరి పేజీ తీశాడు. దీపావళి రోజు పొద్దున: జూసబ్, ముప్పై ఎనిమిది కిలోలు, చీటీ నాలుగు వందల పన్నెండు. కొత్త పుస్తకం మొదటి పేజీ తీశాడు. దీపావళి సాయంత్రం: జూసబ్, ముప్పై ఎనిమిది కిలోలు, చీటీ నాలుగు వందల పన్నెండు. చీటీల కట్ట విప్పితే ఆ నంబరుది ఒక్కటే ఉంది. దాని మీద వేలిముద్రా ఒక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త పుస్తకాల పూజలో మొదటి పద్దు చేతివాసి ఉన్నవాడి పేరున పడాలని నథాలాల్ పట్టుదల. "ఈసారి జూసబ్ పేరున రాయండి, వాడి చెయ్యి మంచిది," అన్నాడు సేఠ్. పొద్దుటి పద్దునే పసుపూ కుంకుమా పెట్టిన పేజీ మీద శుభమా అని దించాడు మెహతాజీ. పాతదాంట్లో కొట్టెయ్యాలనుకునేలోపు హారతి మొదలైంది. పాత పుస్తకాలకి దారం చుట్టి అటకెక్కించారు. ఒక్కసారి ఇచ్చిన ఇత్తడి జూసబ్ పేరున రెండుసార్లు పడింది. హోలీకి గోదాములో ఇత్తడి లెక్కకన్నా ఎక్కువ తేలితే, ఈసారి కరిగించడంలో వృథా తక్కువైందని అందరూ సంబరపడ్డారు కూడా. మర్యాద చెయ్యబోయి మనిషి కొంప ముంచారు.

మెహతాజీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు కృపాలీ అడిగింది.

"ఏదో ఒకటి తేల్చండి కాకా. మొదటిదే చవక, పైగా సులువుగా ఉంది."

అవునంటే సరిపోయేది. పాత పుస్తకాలు అటకెక్కేవి, ఇరవై ఆరేళ్ళు నిలిచిన పరువు ఇంకో నాలుగేళ్ళు నిలిచేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

"రెండోది కొనమ్మా. అది నా తప్పు పట్టుకుంది," అని మొత్తం చెప్పేశాడు.

కృపాలీ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "మామగారూ లేరు, ఆ జూసబ్ భాయీ లేడు. ఇప్పుడు దీన్ని కదపడం ఎందుకు కాకా? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది కదా తల్లీ."

ఆ మధ్యాహ్నమే చీటీ జేబులో పెట్టుకుని రేవు దగ్గరి బేడీ పేటకి వెళ్ళాడు. జూసబ్ భార్య హవాబాయి గుమ్మంలో కూర్చుని రొయ్యపొట్టు చెరుగుతోంది. గుర్తుపట్టి, తల మీద కొంగు సర్దుకుని మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆయన మిమ్మల్ని ఒక్క మాట అనలేదు మెహతాజీ," అంది. "కొన్నాళ్ళు ఇల్లంతా వెతికాడు. పొయ్యి కింద కూడా తవ్వాడు. మెహతాజీ రాత తప్పదే, మరి ఇత్తడి ఏమైనట్టు, మన ఇంట్లోనే ఎవరో తీసుండాలి అన్నాడు. ఇంట్లో ఎవరున్నారు? మా ఇల్యాసే కదా. వాడికప్పుడు పదిహేడేళ్ళు. చెట్టుకి కట్టి కొట్టాడు, ఒప్పుకోరా అని. వాడు ఏమని ఒప్పుకుంటాడు?"

మెహతాజీ మంచం కోడు పట్టుకున్నాడు.

"ఆ రాత్రే వెళ్ళిపోయాడు. వేరావళ్‌లో పడవల మీద పని. నాకు ఫోను చేస్తాడు. తండ్రి మట్టికి మాత్రం రాలేదు. పోయేముందు కూడా ఆయన, దొంగ కొడుకు మొహం చూడనన్నాడు."

"నేను... నాకు తెలీదు హవాబేన్."

"మీకెలా తెలుస్తుంది? మాకే తెలీదు." చేట పక్కన పెట్టి ఫోను తీసింది. "నేను చెబితే వాడు నమ్మడు. అమ్మ ఏదో కల్పించి రమ్మంటోంది అనుకుంటాడు. మీరే చెప్పండి."

వద్దనే వ్యవధి ఇవ్వలేదు. నొక్కి ఆయన చేతిలో పెట్టేసింది. అవతల ఇంజను మోత, గాలి హోరు. "చెప్పమ్మా," అంది నడివయసు గొంతు.

"ఇల్యాస్, నేను వ్రజ్‌లాల్ మెహతాజీని," అన్నాడు.

అవతల ఫోను పెట్టెయ్యలేదు. మెహతాజీ పాత పుస్తకం, కొత్త పుస్తకం, ఒక్క చీటీ, ఒక్క వేలిముద్ర, అన్నీ వరసగా చెప్పాడు. మీ నాన్న తియ్యలేదు, నువ్వూ తియ్యలేదు, అంతా నా చేతి పొరపాటు అన్నాడు. క్షమించమని మాత్రం అడగలేదు.

ఇంజను మోత ఆగింది. ఎవరో ఆపినట్టున్నారు.

"మా నాన్నకి చెప్పారా?" అన్నాడు ఇల్యాస్.

"లేదు నాయనా," అన్నాడు మెహతాజీ. "నాకు తెలిసింది మొన్ననే."