పదకొండో చవితి నాటి చంద్రుడు

మా చిన్నప్పుడు నెలకోసారి నాకో డ్యూటీ పడేది... మేడ మీదకెళ్ళి చంద్రుడొచ్చాడో లేదో చూసి రావడం.

పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజు, సంకటహర చవితి. ఆ రోజు అమ్మ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. రాత్రి చంద్రుణ్ణి చూసి, అర్ఘ్యం వదిలి, అప్పుడే తినాలి. వినాయక చవితికేమో చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలంటారు... ఈ చవితికి చూడకపోతే ముద్ద దిగకూడదట. ఇదేం విడ్డూరమే అమ్మా అంటే, "నోర్మూసుకుని మేడెక్కవే" అనేది.

అప్పట్లో మేం ఫిల్మ్‌నగర్‌లో ఒక పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్న కో-డైరెక్టరు. ఆర్టిస్టులకి డైలాగులు చెప్పడం, డైరెక్టరుగారి కోపం తను తినడం... పన్నెండేళ్ళు అదే పని. ఆయన పేరు డైరెక్టరుగా ఒక్కసారి తెర మీద పడాలి. అమ్మ కోరిక అదొక్కటే. అందుకే పదకొండు చవితులు చేస్తానని మొక్కుకుంది. చవితి చవితికీ ఎర్ర రవికగుడ్డలో మూడు గుప్పిళ్ళ బియ్యం, వక్కలు, ఎండు ఖర్జూరాలు పెట్టి ముడుపు కట్టడం, దేవుడి చుట్టూ ఇరవై ఒక్క ప్రదక్షిణలు, సాయంత్రానికి ఉండ్రాళ్ళు.

తొమ్మిదో చవితి వెళ్ళాక నాన్నకి నిర్మాత దొరికాడు. అమ్మ ఆనందం చూడాలి అసలు... పదకొండో చవితి వచ్చేసరికి ముహూర్తం కూడా పెట్టేశారు. వచ్చే గురువారమే.

ఆ చవితి నాడు పొద్దుటి నుంచీ ముసురు. రాత్రి తొమ్మిదైనా ఆకాశంలో ఏమీ కనపడలేదు. అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. మాట్లాడే ఓపిక కూడా లేదు. దేవుడి ముందు ఉండ్రాళ్ళు చల్లారిపోతున్నాయి. అమ్మ తింటేగానీ నా చేతిలో ఒక్కటి పడదు. నేను మూడుసార్లు మేడెక్కి దిగాను...

నాలుగోసారి ఎక్కినప్పుడు వెనక బంగళాలో షూటింగు మొదలైంది. క్రేను మీద పెద్ద లైటు కట్టి, దానికి తెల్లగుడ్డ చుట్టి పైకి లేపారు. మబ్బులో, వేపకొమ్మల సందున తెల్లగా, గుండ్రంగా కనపడింది. నాన్నతో ఎన్ని షూటింగులకి వెళ్ళలేదూ... వెన్నెల సీను ఎలా తీస్తారో తొమ్మిదేళ్ళకే నాకు తెలుసు.

అయినా మెట్ల మీంచే అరిచాను... "అమ్మా! చంద్రుడొచ్చాడు!"

అమ్మ మీద జాలితో అన్నానని రాసుకుంటే బాగానే ఉంటుంది. కానీ కాదు. ఉండ్రాళ్ళ కోసమే అన్నాను.

అమ్మ చెంబుతో పైకొచ్చింది. కాసేపు అటే చూసింది. ఆ లైటుకి అర్ఘ్యం వదిలింది, అక్షతలు వేసింది, దణ్ణం పెట్టుకుంది. కిందకొచ్చి కంచం ముందు కూర్చుంది. నాకు మూడు ఉండ్రాళ్ళు పెట్టింది.

అమ్మ సగం తిన్నాక ఓనరు యాదమ్మత్త పైకొచ్చింది. కంచం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది శారదా, గప్పుడే తింటున్నవ్? చందమామ యాడొచ్చిండు? గాడున్నది షూటింగోళ్ళ లైటు గదనే!"

అమ్మ చేయి ఆగింది. "అయ్యో... పొరపాటైపోయిందండీ" అంది. లేచి చేయి కడుక్కుంది.

ఆలస్యంగా ఇంటికొచ్చిన నాన్నకి సంగతి చెబితే ఒకటే నవ్వు. "మా లైట్‌మెన్ పనితనమంటే ఏమనుకున్నావు మరి!" అని మురిసిపోయారు పాపం.

బుధవారం నిర్మాత ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సినిమా ఆగిపోయింది. కారణం కూడా సరిగ్గా చెప్పలేదు. నాన్న చొక్కా విప్పి తగిలించి, "కాస్త కాఫీ ఇస్తావా" అన్నారు. అమ్మ ఇచ్చింది. ఎవరూ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. మళ్ళీ మొదటి నుంచి పదకొండు చెయ్యమన్నారు తెలిసినవాళ్ళు. అమ్మ చెయ్యలేదు. నాన్నకి మరో సినిమా రాలేదు. పోయిన ఏడాది, కో-డైరెక్టరుగానే పోయారు.

ఆ ఉండ్రాళ్ళ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు నేను.

ఇప్పుడు అమ్మ మధురానగర్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. మొన్న చవితి నాడు ఇద్దరం గోరుచిక్కుళ్ళు ఒలుచుకుంటున్నాం. ఎందుకో నోరు జారింది...

"అమ్మా, ఆ రోజు అది లైటేనని నాకు తెలుసు. తెలిసే పిలిచాను."

అమ్మ తలెత్తలేదు. "నాకూ తెలుసు" అంది.

"నీకెలా తెలుసు?"

"పడమటి వైపు చంద్రుడు పొడుస్తాడటే? పది నెలలు తూర్పుకి తిరిగి అర్ఘ్యం ఇచ్చినదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఎందుకు తిన్నావే?"

చేతిలో కాయ ఒలిచి గిన్నెలో వేసింది. తర్వాత చాలా మామూలుగా చెప్పింది.

"ఆకలేసిందే. నువ్వు చంద్రుడన్నావు... సరేలే అనుకున్నాను. మీ నాన్నకి మాత్రం ఆఖరి దాకా చెప్పలేకపోయాను."

నాకేమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కూడా అనుకున్నాను. ఇరవై ఏళ్ళకి పైగా ఇద్దరం, ఎవరికి వాళ్ళం, నాన్న సినిమా నావల్లే ఆగిందనుకుంటూ బతికాం. మిగిలిన కాయలు కూడా ఒలిచేశాం.

ఇప్పుడు చంద్రుడి కోసం ఎవరూ మేడెక్కక్కర్లేదు... ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకొస్తాడో ఫోనే చెప్పేస్తుంది. పిల్లలకి అబద్ధం చెప్పే వీల్లేదు, తల్లులకి నమ్మినట్టు ఉండే వీల్లేదు.

మీ ఇంట్లో చంద్రుణ్ణి చూసి రమ్మని ఎవర్ని పంపేవాళ్ళు? వాళ్ళు నిజమే చెప్పేవాళ్ళా...?