మేస్త్రి బల్ల మీద పెట్టిన గోళీలు

మా ఫ్యాక్టరీ మేస్త్రి పోయిన నెలలో చనిపోయాడు. పొద్దున్నే ఆయన తమ్ముడు ఫోన్ చేసి, గుండె ఆగిందని ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాడు. చిలకలగూడలోని మా ఇంటి నుంచి బన్సీలాల్‌పేటలో వాళ్లింటికి నడుచుకుంటూనే పోయాను. ఆటో ఎక్కాలన్న ధ్యాసే రాలేదు.

పదకొండో రోజున బస్తీ కమ్యూనిటీ హాల్లో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. అంతకు ముందే ఆ తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, ఆయన మింగిన గోళీల ముచ్చట మాత్రం ఎత్తవద్దన్నాడు. పోయినవాడి పరువు పోతుందట. నాకు ఒళ్లు మండింది. నేను అయిదో తరగతి దాటినవాడిని కాదు. దాచిపెట్టి మాట్లాడడం, దాచిపెట్టి రాయడం నాకు రావు. అక్కడ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

మేము పనిచేసింది ఇనుప రేకులను నొక్కి మూతలు చేసే ఫ్యాక్టరీలో. ప్రెస్సు మిషన్‌కు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనుంచి దిమ్మె దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే దిమ్మె కింద ఉండవు కదా, అందుకని ఆ ఏర్పాటు. కానీ అట్లా చేస్తే పని సాగదు. గంటకు ఇన్ని మూతలు కావాలని పైవాళ్లు పెంచుకుంటూ పోతే, మేము ఒక బటన్ సందులో చెక్క పేడు దోపి, అది ఎప్పుడూ నొక్కుకునే ఉండేట్టు చేసేవాళ్లం. ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, రేకులు సర్దుకోవచ్చు. అందరి జేబుల్లోనూ ఒక పేడు ఉండేది. మేస్త్రి వచ్చి పీకి పారేసేవాడు. ఆయన అటు పోగానే మళ్లీ దోపేవాళ్లం. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ఇవ్వలేదురా రెండు చేతులు, అని తిట్టేవాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పేముందు ఆయన మా అందరి చేతులూ చూసేవాడు. కడుక్కున్నామా లేదా అని చూస్తున్నాడనుకునేవాణ్ణి. వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడని చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

ఒక రోజు షిఫ్టు అయిపోయాక పేడు తియ్యకుండానే ఇంటికి పోయాను. నా తర్వాత ఆ మిషన్ మీద కూర్చున్న యాదగిరికి ఆ సంగతి తెలియదు. ఎడమ చెయ్యి లోపల పెట్టి రేకు సర్దుతుంటే, కుడి మోచెయ్యి రెండో బటన్‌కు తగిలింది. మూడు వేళ్లు పోయాయి.

ప్రమాదం జరిగితే మా దగ్గర ఒక పద్ధతి. మిషన్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మరుసటి షిఫ్టుకే నడిపించాలి. లేకపోతే భయం కూర్చుంటుందంటారు. మర్నాడు బొట్లు పెట్టిన ఆ మిషన్ ముందు నన్నే కూర్చోబెట్టారు. మిషన్‌కు దిష్టి తీశారు గానీ మనిషిని అడిగినవాడు లేడు.

పేడు ఎవరిదని మేనేజరు అడిగితే నేను నోరు విప్పలేదు. యాదగిరి నిర్లక్ష్యం అని కాగితం రాసుకున్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. బటన్ మీద చెయ్యి పెడితే చెమటలు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. దయ్యం పట్టింది, తాయెత్తు కట్టించమని ఒకరు చెప్పారు. వీణ్ణి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపాలని ఇంకొకరు నవ్వారు.

మేస్త్రి నవ్వలేదు. క్యాంటీన్ వెనక్కి తీసుకుపోయి అడిగాడు.

"పేడు నీదేనా తమ్మీ?"

తలూపాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. జేబులోంచి ఎర్రగడ్డలో ఇచ్చిన గోళీల పట్టీ తీసి చూపించాడు. వయసులో ఉన్నప్పుడు ఇంకో ఫ్యాక్టరీలో బాయిలరు పేలితే, చచ్చిపోయిన తోటివాణ్ణి ఆయనే చేతుల మీద బయటికి మోసుకొచ్చాడట. ఆ తర్వాత షురూ అయ్యాయి ఆ గోళీలు.

"నాకు సుత నిద్ర లేకుండె. ఇంట్ల బీపీ గోళీలని చెప్పుకుంట తిరుగుతున్న. రేపు దవాఖానకు పోదాం. పేడు ముచ్చట మాత్రం నువ్వే చెప్పాలె. పక్కన నేనుంట."

తను సెలవు పెట్టి నన్ను బస్సులో ఎర్రగడ్డకు తీసుకుపోయాడు. చీటీల కిటికీ దగ్గర నేను తువ్వాలు ముఖానికి కప్పుకుంటే లాగేసి, జెర ఎండ తగలనీయమన్నాడు.

వారం తర్వాత మేనేజరు గదిలో, పేడు నాదని చెప్పాను. మేస్త్రి అంతటితో ఊరుకోలేదు. పని పెంచింది మీరు, పేళ్లు దోపుతున్నారని మీకూ తెలుసు, యాదగిరి నిర్లక్ష్యమన్న మాట కొట్టేయండి, వీడి జబ్బు కూడా మీ మిషన్ దగ్గర వచ్చిందేనని రాయండి అన్నాడు. నీకేమన్నా పిచ్చా అన్నాడు మేనేజరు. మేస్త్రి గోళీల పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అవు సార్, మింగుతున్న. ఇరవై ఏండ్ల సంది మీ మిషన్లు చూసుకుంటున్నది గీ గోళీలు మింగేటోడే. అది సుత రాసుకోండ్రి."

కాగితం మారింది. యాదగిరికి హక్కుగా రావలసిన నష్టపరిహారం వచ్చింది. నన్ను నెల రోజులు పనిలోంచి ఆపారు, అది న్యాయమే. మేస్త్రిని మాత్రం స్టోరుకు మార్చి, రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. పిచ్చి మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు. డబ్బాల వేళకు స్టోరు నుంచి వచ్చి, మా చేతులు చూసి పోయేవాడు. యాదగిరి ఈనాటికీ నాతో మాట్లాడడు. అది అతని ఇష్టం. నేను బతిమాలను.

ఆ రోజు హాల్లో మైకు పట్టుకునే ముందు మేస్త్రి భార్య, మా వదిన దగ్గరికి పోయాను. భర్త సంగతి ఆమె నలుగురిలో వినడం తప్పు కదా. మెల్లగా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకెప్పటి సందో బీపీ ఉంది తమ్మీ. బీపీ గోళీలు ఎట్లుంటయో నాకు తెల్వదా? పో, చెప్పు."

చెప్పాను. పేడు సంగతీ చెప్పాను, గోళీల సంగతీ, ఎర్రగడ్డ సంగతీ చెప్పాను. ఆయన తమ్ముడు లేచి బయటికి పోయాడు. పోనీ. గోళీ మింగి డ్యూటీకి పోయిన మనిషికి పరువు తక్కువేమిటి? తగ్గితే, మనుషులను అట్లా చేసి పంపేవాళ్లకు తగ్గాలి.

సభ అయ్యాక, చెప్పుల దగ్గర ఒకాయన వెనకబడిపోయాడు. నలభై ఏళ్లుంటాయి, ఏదో ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉన్నాడు. అందరూ పోయారు, అక్కడ మిగిలింది ఆయన జత, నా జత. అయినా వెతుకుతూనే ఉన్నాడు. నేను దగ్గరికి పోతే తలెత్తకుండా అడిగాడు.

"ఏ రోజు పోవాలె పెద్దాయనా, అక్కడికి?"

సోమవారం పొద్దున, నేనూ వస్తానన్నాను.

సోమవారం బస్టాపుకు నాకంటే ముందే వచ్చాడు. అదే యూనిఫారం. జేబు మీద ఫ్యాక్టరీ పేరు ఎర్రదారంతో కుట్టి ఉంది. బస్సు నిండా ఆఫీసులకు పోయేవాళ్లు. కండక్టరు ఎక్కడికని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అతను చెప్పాడు.

"ఎర్రగడ్డ దవాఖాన. రెండు."

ముందు సీట్లలో ఇద్దరు తిరిగి చూశారు. వాళ్లు మళ్లీ అటు తిరిగేదాకా అతను చూపు దించలేదు.